పక్షవాతం తర్వాత ఇంటి దగ్గర నడక: ఫిజియోథెరపీలో నలుగురూ కలిసి పరిశోధన చేయడం ఎలా?

ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) థీసిస్ మొదటి పేజీలో గైడ్ పేరు కింద కో-గైడ్‌గా ఒక న్యూరాలజిస్ట్ పేరు ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే ఆయన చేసింది పేషెంట్లను పంపడం, చివర్లో సంతకం పెట్టడం. డేటా మొత్తం అయిపోయాక స్టాటిస్టీషియన్‌కి ఎక్సెల్ షీట్ వెళ్తుంది, "పి వాల్యూ (తేడా కేవలం యాదృచ్ఛికమా అని చూసే అంకె) వచ్చేలా చూడండి సార్" అనే మాటతో సహా. పేషెంట్లను రోజూ చూసిన వార్డు సిస్టర్ పేరు కృతజ్ఞతల పేజీలో కూడా కనపడదు. దీన్నే మనం ఇంటర్‌డిసిప్లినరీ పరిశోధన అని రాసుకుంటున్నాం.

నిజంగా నలుగురూ కలిసి చేయాలంటే ఏం చేయాలో ఇందులో రాస్తున్నాను. ఎక్కువగా ఎంపీటీ విద్యార్థుల కోసం, కొత్తగా చేరిన లెక్చరర్ల కోసం. నర్సింగ్, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ వాళ్లకూ పనికొస్తుంది. గాల్లో మాట్లాడకుండా ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్తాను: పక్షవాతం వచ్చి, జిల్లా ఆసుపత్రిలో చికిత్స తీసుకుని, ఇంటికి చేరిన మనిషి మళ్లీ నడవడం. ఇది ఏ ఒక్క వృత్తికీ పూర్తిగా అందని సమస్య కాబట్టే దీన్ని ఎంచుకున్నాను. మీ విషయం మోకాళ్ల అరుగుదల అయినా, డయాలసిస్ పేషెంట్ల నీరసం అయినా పద్ధతి ఇదే.

ఒక్క మాట ముందే చెప్తాను. మొదటి పేషెంట్ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేలోపు తీసుకునే నిర్ణయాల్లో అందరూ ఉంటేనే అది కలిసి చేసిన పరిశోధన. తర్వాత ఎంతమందిని చేర్చినా పేర్లు పెరుగుతాయి గానీ పని మారదు.

1. ప్రశ్నను టెక్నిక్ నుంచి కాకుండా ఇంటి నుంచి మొదలుపెట్టండి

మన థీసిస్ టైటిళ్లలో చాలావరకు "ఫలానా టెక్నిక్ వర్సెస్ ఫలానా టెక్నిక్" అన్న అచ్చులో ఉంటాయి. ఆ వరసలో ఆలోచిస్తే వేరే వృత్తివాళ్లకు అందులో చోటే ఉండదు. టేపింగ్ రెండు రకాల్లో ఏది మేలో తేల్చడానికి నర్సుతో పనేముంది?

అందుకని ముందు వినండి. డిశ్చార్జ్ అయి రెండు మూడు నెలలైన ఐదారు కుటుంబాలతో, వీలైతే వాళ్ల ఇంట్లోనే మాట్లాడండి. తర్వాత అదే ప్రశ్న మీ ఆసుపత్రిలో ఒక్కొక్కరినీ అడగండి: "ఇంటికెళ్లాక ఈ పేషెంట్లకు అసలు ఇబ్బంది ఎక్కడ?"

జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. ఫిజిషియన్ బీపీ మాత్రలు మధ్యలో మానేయడం గురించి, రెండోసారి స్ట్రోక్ గురించి చెప్తారు. సిస్టర్ పుండ్ల గురించి, మూత్రం గొట్టం గురించి చెప్తారు. స్పీచ్ థెరపిస్ట్ నీళ్లు తాగితే పొలమారడం గురించి, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ కుడిచేత్తో ముద్ద కలపలేకపోవడం గురించి. మీకేమో కాలు ఈడ్చడం, భుజం జారడం కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు చెప్పేది ఈ లిస్టులో ఏదీ కాదు: బాత్రూం పెరట్లో ఉంది, గడప ఎత్తు, పట్టుకుని నడిపించే మనిషి కూలికి వెళ్తే ఆ పూట మంచం మీదే.

ఈ జవాబులన్నీ పెట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ (పనితీరు, వైకల్యం, ఆరోగ్యాల అంతర్జాతీయ వర్గీకరణ) చట్రం ఉంది. శరీరంలో వచ్చిన లోపం, చేయలేకపోతున్న పని, జీవితంలో తగ్గిపోయిన భాగస్వామ్యం, వీటి చుట్టూ ఉన్న పరిసరాలు, ఆ మనిషి సొంత పరిస్థితులు. ఒక చార్ట్ మీద ఈ గళ్లు గీసి, అందరి జవాబులూ రాయండి. పరీక్ష కోసం బట్టీపట్టిన ఐసీఎఫ్ అసలు పనికొచ్చే చోటు ఇది. ఎక్కువ జవాబులు ఏ గడి చుట్టూ చేరితే మీ ప్రశ్న అక్కడే ఉంటుంది. మన ఉదాహరణలో అది "ఇంటి లోపల, ఇంటి చుట్టూ నడవగలగడం".

2. ఇప్పటికే తెలిసింది ఏమిటో చూడండి

పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్) ఎలాగూ చూస్తారు. ఫిజియోథెరపీకి ప్రత్యేకంగా పెడ్రో అనే ఉచిత డేటాబేస్ ఉంది. 1999 నుంచి నడుస్తోంది, ట్రయల్స్‌కి (చికిత్సను పరీక్షించే అధ్యయనాలకు) నాణ్యత మార్కులు కూడా ఇస్తుంది. దేశంలో ఇప్పుడు నడుస్తున్న ట్రయల్స్ కోసం సీటీఆర్‌ఐ (మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో వెతకండి. పక్క జిల్లాలో ఎవరో ఇదే పని చేస్తూ ఉండొచ్చు.

మన ప్రశ్నకు సంబంధించి రెండు పెద్ద ట్రయల్స్ తప్పక చదవాలి.

మొదటిది అటెండ్. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పేషెంట్లతో జరిగింది, ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. థెరపిస్టుల కొరత ఉన్న దేశంలో ఇంట్లో ఒకరికి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి పంపితే సరిపోతుందా అన్నది ప్రశ్న. వినగానే ఎవరికైనా నచ్చే ఆలోచన. కానీ 6 నెలల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్లు లేదా ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్లు, అలా శిక్షణ ఇచ్చిన గ్రూపులోనూ, ఇవ్వని గ్రూపులోనూ 47 శాతమే. తేడా రాలేదు.

రెండోది అవర్ట్. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ జూలీ బెర్న్‌హార్ట్ నాయకత్వంలో 5 దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మందితో జరిగి 2015లో వచ్చింది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే మొదలుపెట్టి, ఎక్కువసార్లు మంచం దించి కదిలిస్తే మంచిదనుకున్నారు. 3 నెలలకు బాగా కోలుకున్నవాళ్లు ఆ గ్రూపులో 46 శాతం, మామూలు పద్ధతి గ్రూపులో 50 శాతం. అంటే మేలు జరగకపోగా కొంత నష్టమే కనిపించింది. "ఎంత తొందరగా, ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిది" అన్న మన నమ్మకానికి గట్టి దెబ్బ అది.

ఈ రెండూ చదివాక "ఇంట్లోవాళ్లకు నేర్పితే చాలా?" అన్న పాత ప్రశ్నే మళ్లీ వేయడంలో అర్థం లేదు. మిగిలిన ప్రశ్న నా దృష్టిలో ఇది: ఇంట్లోవాళ్లు చేయిస్తుండగా, శిక్షణ ఉన్న మనిషి వారం వారం పలకరించి కసరత్తు స్థాయి పెంచుతూ, బీపీ మందులు చూస్తూ ఉంటే నడక వేగం పెరుగుతుందా? ఇందులో నర్సు, ఫిజిషియన్, ఫిజియో ముగ్గురి పనీ ఉంది. ఎవరినీ బలవంతంగా ఇరికించలేదు.

3. జట్టు: తక్కువమంది, ప్రతి ఒక్కరికీ ఒక నిర్ణయం

ఎనిమిది శాఖల నుంచి ఎనిమిది మందిని పోగేస్తే మీటింగ్ జరగదు. ఐదుగురు చాలు. ఒక్కొక్కరిని చేర్చేముందు "ఈయన లేకపోతే ఏ నిర్ణయం తప్పుగా వెళ్తుంది?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ పేరు వద్దు.

ఫిజియోథెరపిస్ట్: కసరత్తు ఏమిటి, ఎంత. ఫిజిషియన్ లేదా న్యూరాలజిస్ట్: ఎవరిని చేర్చొచ్చు, ఎవరికి ప్రమాదం, ఎప్పుడు ఆపాలి. నర్సు: ఫాలోఅప్, మందులు, ఇంట్లోవాళ్లతో మాట. స్టాటిస్టీషియన్: ఎంతమంది కావాలి, ఎవరు ఏ గ్రూపు. ఐదో మనిషి పక్షవాతం నుంచి కోలుకున్న ఒక పేషెంట్, లేదా అలాంటివారిని చూసుకున్న కుటుంబ సభ్యుడు. ఈ ఐదో మనిషిని మన కాలేజీల్లో ఎవరూ పిలవరు. పిలిస్తే మొదటి మీటింగ్‌లోనే మీ ప్రోటోకాల్‌లో (పరిశోధన ఎలా చేస్తారో రాసుకున్న పథకంలో) రెండు మూడు విషయాలు మారిపోతాయి. ఉదయం 9 గంటలకు ఫోన్ చేస్తామని మీరు రాస్తారు. ఆ టైంకి ఇంట్లో ఎవరూ ఉండరని వాళ్లే చెప్పగలరు.

డాక్టర్‌గారిని ఒప్పించడం చాలామందికి టెన్షన్. ఓపీ మధ్యలో వెళ్లి "సార్, మీ గైడెన్స్ కావాలి" అంటే ఆయన తల ఊపి పంపేస్తారు. ఒకే పేజీ నోట్ రాసుకుని వెళ్లండి. అందులో సమస్య రెండు వాక్యాల్లో, ప్రశ్న ఒక వాక్యంలో, ఆయన నుంచి కావలసిన నిర్ణయాలు మూడు, ఆయన ఇవ్వాల్సిన సమయం ఎంత. "నెలకు ఒక అరగంట సార్, ఈ మూడు విషయాలు మీరే తేల్చాలి" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మీటింగ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. మన ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ ఒక మాట అన్నాక సిస్టర్ గాని, జూనియర్ ఫిజియో గాని నోరు మెదపరు. దానికి ఒక చిన్న ఉపాయం: మాట్లాడే వరస తిప్పేయండి. ప్రతి అంశం మీద ముందు హెడ్ సిస్టర్‌ను, తర్వాత ఫిజియోను, ఆఖరున డాక్టర్‌ను అడగండి. ఎజెండా కాగితం మీద ఆ వరసే రాసి పెడితే ఎవరికీ నొచ్చదు.

4. రాతకోతలు ముందే

పేపర్ వచ్చేటప్పుడు పేర్ల వరస దగ్గర చెడిన స్నేహాలు చాలా ఉన్నాయి. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ప్రకారం రచయిత కావాలంటే నాలుగు షరతులూ తీరాలి: ఆలోచనలో గాని, డేటా సేకరణలో గాని, విశ్లేషణలో గాని గట్టి పాత్ర, రాయడంలో లేదా సరిదిద్దడంలో పాత్ర, ఆఖరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. పేషెంట్లను పంపినంత మాత్రాన రచయిత కారు, హెచ్‌ఓడీ అయినంత మాత్రాన కూడా కారు. ఈ మాట మీరు నోటితో చెప్పలేరు కాబట్టి, మొదటి మీటింగ్‌లోనే ఆ నాలుగు షరతులు ఉన్న కాగితం అందరికీ ఇచ్చి, ఎవరు ఏం చేస్తారో దాని కిందే రాయించండి. డేటా ఎవరి దగ్గర ఉంటుంది, విద్యార్థి కోర్సు అయిపోయి వెళ్లిపోతే ఎవరు కొనసాగిస్తారు అన్నది కూడా అందులోనే.

5. ఒకే ముఖ్య ఫలితం, దానికి తగిన సంఖ్య

అసలు గొడవ ఇక్కడ వస్తుంది, రావాలి కూడా. ఫిజిషియన్‌కి మోడిఫైడ్ రాంకిన్ స్కేల్ (ఎంతవరకు ఇంకొకరి మీద ఆధారపడుతున్నారో చెప్పే కొలత) కావాలి, మీకు బెర్గ్ బ్యాలెన్స్ (నిలకడ కొలత), నర్సుకి చూసుకునేవాళ్ల ఒత్తిడి. అందరినీ సంతోషపెట్టడానికి ఎనిమిది స్కేళ్లు పెడితే ఒక్కో పేషెంట్‌కి రెండు గంటలు పడుతుంది, మూడో స్కేల్ దగ్గరే ఆయన అలసిపోతాడు. ముఖ్య ఫలితం ఒక్కటే ఉండాలి. మిగతావి రెండో మూడో, అంతే.

మన ప్రశ్నకు నేను 10 మీటర్ల నడక పరీక్షను తీసుకుంటాను. 14 మీటర్ల వరండా, నేల మీద టేపు గుర్తులు, ఒక స్టాప్‌వాచ్ చాలు. ముందు 2 మీటర్లు, వెనక 2 మీటర్లు వదిలి మధ్య 10 మీటర్లకు టైం చూస్తారు. పైగా ఆ అంకెకు జీవితంలో అర్థం ఉంది. సెకనుకు 0.4 మీటర్ల కంటే తక్కువ వేగం ఉన్నవాళ్లు సాధారణంగా ఇల్లు దాటరు, 0.8 దాటినవాళ్లు బయట బాగానే తిరుగుతారు. ఈ హద్దులు 1995 నుంచి వాడుకలో ఉన్నాయి. డాక్టర్‌కి, నర్సుకి, పేషెంట్‌కి ముగ్గురికీ అర్థమయ్యే కొలత దొరికిందంటే సగం తగువు తీరినట్టే.

ఇక ఎంతమంది? మన దగ్గర ఒక ఆనవాయితీ ఉంది, గ్రూపుకి 15 మంది, మొత్తం 30. ఎందుకు 30 అంటే సీనియర్ కూడా 30 తీసుకున్నాడు కాబట్టి. లెక్క వేసి చూద్దాం.

స్ట్రోక్ తర్వాత తొలి నెలల్లో నడక వేగం సెకనుకు సుమారు 0.16 మీటర్లు పెరిగితే పేషెంట్‌కి తెలిసేంత మార్పు అని ఒక అంచనా ఉంది. పేషెంట్ల మధ్య వేగాల వ్యత్యాసం, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 0.30 అనుకుందాం. 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం పొరపాటు అవకాశం (లేని తేడా ఉందనుకోవడం) పెట్టుకుంటే వచ్చే స్థిరాంకం 15.68. దాంతో గ్రూపుకి కావలసిన సంఖ్య: 15.68 × (0.30 × 0.30) ÷ (0.16 × 0.16) = 55.1. అంటే 56 మంది. 15 శాతం మంది మధ్యలో రాకుండా పోతారనుకుంటే 66. రెండు గ్రూపులకు 132.

అదే గ్రూపుకి 15 మందితో చేస్తే? ఇదే లెక్కను తిప్పి వేస్తే సెకనుకు 0.31 మీటర్ల తేడా ఉంటే తప్ప పట్టుకోలేరు. అది పేషెంట్‌కి తెలిసే మార్పుకు దాదాపు రెట్టింపు. నిజంగా పనిచేసే చికిత్సను కూడా "పనిచేయదు" అని తేల్చే థీసిస్ అది.

132 చూసి భయపడతారు కాబట్టి స్టాటిస్టీషియన్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. మొదటి రోజు వేగానికి, 12 వారాల తర్వాతి వేగానికి మధ్య 0.6 సహసంబంధం (కోరిలేషన్) ఉందనుకుంటే, మొదటి వేగాన్ని లెక్కలోకి తీసుకునే ఆంకోవా పద్ధతిలో సంఖ్య 0.64 రెట్లకు తగ్గుతుంది. 56 కాస్తా 36 అవుతుంది, మానేసేవాళ్లను కలిపితే 43. మొత్తం 86. అంటే 46 మందిని వెతికే పని తప్పింది. డేటా అంతా పోగయ్యాక ఆయన దగ్గరికి వెళ్లి ఉంటే ఈ మేలు జరిగేది కాదు. వ్యత్యాసం, సహసంబంధం అంకెలు మాత్రం మీ పేషెంట్ల లాంటివారి మీద వచ్చిన పేపర్ల నుంచి తీసుకోవాలి. ఇక్కడ వాడినవి లెక్క చూపించడానికి మాత్రమే.

86 మంది కూడా మీ ఒక్క ఆసుపత్రిలో దొరకరా? రెండు కాలేజీలు కలవండి. లేదా ఇది "పనిచేస్తుందా" అని తేల్చే ట్రయల్ కాదు, "చేయడం సాధ్యమేనా" అని చూసే అధ్యయనం అని నిజాయితీగా టైటిల్‌లోనే రాయండి. ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఎన్ని ఫోన్ కాల్స్ జరిగాయి అన్నవే అప్పుడు ఫలితాలు. అది తక్కువ రకం పరిశోధన ఏమీ కాదు.

6. చికిత్సను మందు చీటీ అంత స్పష్టంగా రాయండి

"రోజూ వ్యాయామం చేయించాలి" అని రాస్తే అది డోసు కాదు. దీనికి రెండు చెక్‌లిస్టులు ఉన్నాయి. ఏ చికిత్సకైనా వాడే టైడియర్‌లో 12 అంశాలు, కసరత్తుకు ప్రత్యేకించిన సెర్ట్‌లో 16 అంశాలు. పేపర్ రాసేటప్పుడు నింపేవిగా చూడకండి. ప్రోటోకాల్ రాసేటప్పుడే ముందు పెట్టుకోండి.

మన ఉదాహరణలో ఇలా ఉంటుంది: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గడప దాటడం, ఇంటి ముందు నడక. ఒక్కోటి ఎన్నిసార్లు, రోజుకు ఎన్ని విడతలు, మధ్యలో ఎంతసేపు విశ్రాంతి, కుర్చీ ఎత్తు ఎంత, పక్కన ఎవరు నిలబడాలి, ఎటువైపు పట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం పెంచే సూత్రం: "వరసగా మూడు రోజులు పట్టుకోకుండా లేవగలిగితే కుర్చీ ఎత్తు తగ్గించాలి" అనే స్థాయిలో రాయాలి. ఇక్కడ అవర్ట్ పాఠం గుర్తుంచుకోవాలి. ఒకేసారి చాలాసేపు చేయించడం వేరు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు చేయించడం వేరు. ఆ ట్రయల్ డేటాను డోసు కోణంలో మళ్లీ విశ్లేషించినప్పుడు చిన్న చిన్న విడతలవైపే మొగ్గు కనిపించింది.

బీపీ ఎంత ఉంటే ఆ రోజు కసరత్తు ఆపాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి అన్నవి ఫిజిషియన్ అంకెలతో రాసి ఇవ్వాలి. నర్సు ఫోన్‌లో ఏం అడగాలో కూడా ఒక కాగితం మీద ఉండాలి.

కంట్రోల్ గ్రూపుకి ఏం ఇస్తున్నారో కూడా ఇంతే వివరంగా రాయండి. "కన్వెన్షనల్ ఫిజియోథెరపీ" అన్న రెండు మాటల్లో ఏముందో ఎవరికీ తెలియదు. అలాగే పేషెంట్లు బయట ఇంకేం వాడుతున్నారో ప్రతి నెలా అడిగే ఒక గడి ఫారంలో ఉండాలి. పక్షవాతానికి పసరు మందు తాగనివాళ్లు, తైలం మర్దన చేయించుకోనివాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారు? ఎముక విరిగినవాళ్ల మీద పరిశోధన అయితే పుత్తూరు కట్టు గురించి అడగాల్సిందే. కోప్పడకుండా అడిగితేనే చెప్తారు.

7. ప్రశ్నావళి తెలుగులో

ఇంగ్లిష్ స్కేల్‌ను మీరే పక్కన కూర్చుని నోటితో తెలుగులో అడగడం కొలత కిందికి రాదు. ఒక్కో రోజు ఒక్కోలా అడుగుతారు. ముందు ఆ స్కేల్‌కి తెలుగు అనువాదం ఇప్పటికే ఉందేమో, వాడటానికి అనుమతి కావాలేమో చూడండి. కొన్నిటికి డబ్బు కట్టాలి. కొన్నిటికి నమోదు చేసుకుంటే చాలు, జీవన నాణ్యతను కొలిచే ఈక్యూ-5డీకి దాన్ని తయారుచేసిన యూరోక్వాల్ సంస్థ దగ్గర అలాగే నమోదు కావాలి. దానికి మన దేశ ప్రజల అభిప్రాయాలతో లెక్కగట్టిన విలువలు 2022లో వచ్చాయి. కాబట్టి ఖర్చు లెక్కలు వేయాలనుకునేవారికి అది మంచి ఎంపిక.

అనువాదం లేకపోతే ఒక చిన్న పరిశోధన అంత పని ఉంటుంది: ఇద్దరు విడివిడిగా తెలుగులోకి, ఇంకో ఇద్దరు అసలు చూడకుండా తిరిగి ఇంగ్లిష్‌లోకి, అందరూ కూర్చుని తేడాలు తేల్చడం, తర్వాత 30, 40 మంది పేషెంట్ల దగ్గర అర్థమవుతోందా అని చూడటం. ఈ ఆఖరి మెట్టు ఎగ్గొట్టకండి. స్నానాల తొట్టిలోకి దిగడం గురించి అడిగే ప్రశ్నకు మన ఊళ్లో అర్థం లేదు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, లేవడం గురించి అడగనిదే మన వాళ్ల ఇబ్బంది బయటికి రాదు. శ్రీకాకుళంలో ఒకరికి అర్థమైన మాట నిజామాబాద్‌లో అర్థం కాకపోవచ్చు. రెండు చోట్లా పేషెంట్లు ఉంటే రెండు చోట్లా చూడాలి.

8. ఎథిక్స్ కమిటీ, రిజిస్ట్రేషన్

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఒకసారి పూర్తిగా చదవండి. కమిటీలో డాక్టర్లే కాకుండా న్యాయం తెలిసినవారు, సమాజ శాస్త్రం తెలిసినవారు, సామాన్య పౌరుడు కూడా ఉంటారు. మీ సమాచార పత్రం ఆ సామాన్య పౌరుడికి అర్థమైతే పేషెంట్‌కీ అర్థమవుతుంది. తెలుగు పత్రం గ్రాంథికంలో ఉంటే తిరిగి రాయండి.

పక్షవాతంలో సమ్మతి కొంచెం క్లిష్టం. మాట పడిపోయినవారిని చాలా అధ్యయనాలు సులువుగా తీసేస్తాయి. స్పీచ్ థెరపిస్ట్ సాయంతో బొమ్మలతో, చిన్న వాక్యాలతో చెప్పి సమ్మతి తీసుకునే పద్ధతి పెట్టుకోవచ్చు. నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉంటే చట్టబద్ధ ప్రతినిధి సంతకం. చదువురానివారికి వేలిముద్రతో పాటు, జట్టుకు సంబంధం లేని సాక్షి ఉండాలి. మీ తోటి పీజీ సాక్షి కింద పనికిరాడు.

చికిత్స ఇచ్చి ఫలితం చూసే ఏ అధ్యయనమైనా, పీజీ థీసిస్ అయినా సరే, సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో నమోదు ఉచితం. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ను చేర్చకముందు వచ్చిన ట్రయల్స్‌నే తీసుకుంటున్నారు. తర్వాత చేద్దాంలే అనుకుంటే ఇక చేయలేరు, మంచి జర్నల్ తలుపు కూడా మూసుకుపోతుంది. రిజిస్ట్రీ వాళ్లు సందేహాలతో తిప్పి పంపుతారు కాబట్టి సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) గడువుకు తగినంత ముందే మొదలుపెట్టండి.

9. డేటా తీసేటప్పుడు

కొలిచే మనిషికి ఎవరు ఏ గ్రూపో తెలియకూడదు. కసరత్తు చేస్తున్నానని పేషెంట్‌కి తెలియకుండా దాచలేం, థెరపిస్ట్‌కీ దాచలేం. దాచగలిగింది కొలిచేవారి దగ్గరే. ఇంకో శాఖ మనిషికి ఆ పని ఇస్తే మేలు. కలిసి చేసే పరిశోధనలో అది సులువు కూడా. "నాకు ఇంట్లో ఏం చేయించారో చెప్పకండి" అని కొలిచేవారినే పేషెంట్‌కి ముందుగా చెప్పమనండి. గ్రూపుల కేటాయింపు జాబితా స్టాటిస్టీషియన్ దగ్గరే ఉండాలి. వరస సంఖ్యలు వేసి, లోపలిది కనపడకుండా అంటించిన కవర్లు మీ టేబుల్ సొరుగులో ఉండకూడదు.

మొదలుపెట్టేముందు పదీ పదిహేను మందిని ఇద్దరు వేర్వేరుగా కొలిచి, అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. దూరంగా ఉంటే శిక్షణ మళ్లీ.

మిగతావి చిన్నవే, కానీ థీసిస్‌లను ముంచేవి ఇవే. ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి, ఒకటి పేషెంట్ ఇంట్లోది కాకూడదు. బస్సు, ఆటో ఛార్జీలు బడ్జెట్‌లో రాసి ఇవ్వండి. నాట్లు, కోతల రోజుల్లో, సంక్రాంతి వారంలో ఎవరూ రారు, ఫాలోఅప్ తేదీకి అటూ ఇటూ వారం గడువు పెట్టండి. డేటా రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో తెలుస్తుంది. వాట్సాప్‌లో పేషెంట్ వివరాలు, వీడియోలు తిప్పకండి.

దీంతోపాటే పది పన్నెండు కుటుంబాలతో ఇంటర్వ్యూలు చేయండి. బాగా చేసినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు ఇద్దరూ ఉండాలి. చేసేది మీరు కాదు, నర్సింగ్ లేదా సోషల్ వర్క్ నుంచి ఇంటర్వ్యూలు తెలిసినవాళ్లు. మీకైతే "బాగుందమ్మా" అనే చెప్తారు.

10. విశ్లేషణ

మన థీసిస్‌లలో పదే పదే కనిపించే తప్పు ఒకటి చెప్పాలి. గ్రూపు "ఏ"లో ముందు, తర్వాత తేడాకు పెయిర్డ్ టీ టెస్ట్, పి 0.01. గ్రూపు "బి"లో పి 0.08. కాబట్టి "ఏ" మంచిది అని తేల్చేస్తారు. ఇది సరికాదు. పక్షవాతం తర్వాత తొలి నెలల్లో ఏం చేయకపోయినా కొంత కోలుకుంటారు, కాబట్టి ముందు-తర్వాత తేడా చికిత్స గొప్పతనాన్ని చెప్పదు. రెండు గ్రూపులనూ నేరుగా పోల్చాలి, తేడా ఎంతో దాని విశ్వాస అంతరంతో (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అసలు తేడా ఉండగల పరిధి) పాటు చెప్పాలి. "సెకనుకు 0.12 మీటర్లు ఎక్కువ, 0.02 నుంచి 0.22 మధ్య" అన్న తరహా వాక్యం ఒక్క పి వాల్యూ కంటే చాలా ఎక్కువ చెప్తుంది. మధ్యలో మానేసినవాళ్లను కూడా వాళ్లకు కేటాయించిన గ్రూపులోనే ఉంచి లెక్కించాలి. ఇవన్నీ డేటా చూడకముందే రాసి, తేదీ వేసి పెట్టుకోవాలి.

తర్వాత అంకెలనూ ఇంటర్వ్యూలనూ పక్కపక్కన పెట్టండి. ఎడమ గడిలో "మూడో నెలలో కసరత్తు రోజులు తగ్గాయి", కుడి గడిలో కోడలు చెప్పిన కారణం: పెద్దాయన కర్ర పట్టుకుని బాత్రూం దాకా వెళ్లగానే ఇక చాలనుకున్నారు. ఈ పట్టిక ముందు ఐదుగురూ కలిసి కూర్చునే ఆ ఒక్క పూట మీటింగ్‌కి ఎవరూ డుమ్మా కొట్టకుండా చూసుకోండి.

11. రాయడం, తిరిగి ఇవ్వడం

పేపర్‌లో ఏమేం రాయాలో చెప్పే చెక్‌లిస్టులు ఉన్నాయి. ట్రయల్ అయితే కన్సార్ట్, దానికి 2025లో కొత్త రూపం వచ్చింది, 30 అంశాలు. ఇంటర్వ్యూలకు కోరెక్, 32 అంశాలు. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా, అంటే యూజీసీ కేర్, 2025లో ఆగిపోయింది కాబట్టి ఏ జర్నల్ మంచిదో మీరే చూసుకోవాలి. వారంలో అచ్చువేస్తామని మెయిల్ పంపేవాటి జోలికి వెళ్లొద్దు. తేడా రాకపోయినా పంపండి. అటెండ్ అచ్చు కాకపోయి ఉంటే ఇంట్లోవాళ్లకు నేర్పితే చాలనే మాట ఇంకా నమ్ముతూ ఉండేవాళ్లం.

పేపర్ వచ్చాక ఒక పేజీ తెలుగు సారాంశం చేసి పాల్గొన్న కుటుంబాలకు పంపండి, వార్డులో హెడ్ సిస్టర్‌కి, ఆ ఊరి ఆశా వర్కర్లకు ఇవ్వండి. ప్రోటోకాల్, తెలుగు ఫారాలు, ఫోన్ కాల్ కాగితం, పేర్లు తీసేసిన డేటా ఒక ఫోల్డర్‌లో పెట్టి డిపార్ట్‌మెంట్‌కి అప్పగించండి. 86 మంది మీకు దొరకకపోయి ఉంటే, అదే ప్రోటోకాల్‌తో అదే కొలతలతో తర్వాతి బ్యాచ్ విద్యార్థి మిగతావాళ్లను చేర్చొచ్చు. అందుకు అనుమతి కావాలని ఎథిక్స్ కమిటీకి పెట్టే మొదటి దరఖాస్తులోనే రాసి ఉంచండి.